గడి అరుగు మీద ముండ్ల చెంచాలు

ముందుగా దేవునికి స్తోత్రం. ఆకలిగొన్నవాణ్ణి పిలిచి కూర్చోబెట్టే తండ్రికి, పగవాళ్ళు చూస్తుండగానే తన బిడ్డలకు బల్ల సిద్ధం చేసే ప్రభువుకు స్తోత్రం. కోరుట్లలో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరిగా ఉన్న మా నాయన, ఏ పని మొదలుపెట్టినా ముందు ఆయనను తలుచుకోమనేవాడు. పెళ్ళయి వచ్చాక మా అత్తమ్మ కూడా అదే మాట అన్నది. ఇప్పుడు రాయబోయేది ఆమె సంగతే కాబట్టి, ఆమె మెచ్చే తీరుగానే మొదలుపెట్టాను.

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని సిరిసిల్లలో మా ఇంటికి వచ్చేసరికి, మనవరాలు కొత్త భోజనాల బల్ల ముందు నిలబడి, ఫోనును నీళ్ళ చెంబుకు ఆనించి ఏదో వీడియో చూస్తోంది. మా తమ్ముని కుటుంబం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. వాళ్ళ ముందు బల్ల గొప్పగా కనబడాలని పిల్ల ఆరాటం. స్టీలు చెంచాలు, ఫోర్కులు పక్కన కుప్ప పోసుకుని, వీడియోలో అమ్మాయి చెప్పేది అర్థంగాక నన్నడిగింది: "నానమ్మా, ఫోర్క్ ఏ దిక్కు పెట్టాలె?" ఎడమకు అన్నాను. నోరు ఆ మాట అంటుండగానే నా చేయి పోయి, తను పెట్టిన కత్తిని తిప్పి, పదును పళ్ళెం వైపుకు పెట్టింది. పిల్ల నన్ను వింతగా చూసింది. ఐదు వేళ్ళతో కలుపుకుని తినే నానమ్మకు ఈ విద్య ఎక్కడిదని నవ్వింది. నవ్వు నాకూ వచ్చింది గాని నిలవలేదు. లోపలికి పోయి, పెట్టె అడుగున పాత చీర మడతలో ఉన్న ముండ్ల చెంచాను, అదే పాతకాలపు ఫోర్కును, తీసి చూసుకున్నాను. వెండి పూత దాదాపు పోయింది. లోపలి పచ్చటి లోహం బయటపడింది.

మా అత్తమ్మ కరువు కాలంలో తల్లిదండ్రులను పోగొట్టుకుని, జగిత్యాల దిక్కు ఒక మిషన్ బంగళాలో పెరిగింది. అక్కడి తెల్లామె ఆమెకు రెండు పనులు శ్రద్ధగా నేర్పిందట, ప్రార్థన చేయడం, భోజనాల బల్ల వేయడం. రెండింటికీ తొందర పనికిరాదనేది అత్తమ్మ. తెల్లామె తన దేశం వెళ్ళిపోయాక అత్తమ్మ పెళ్ళి చేసుకుని, రుద్రంగి దాటాక ఉన్న మా ఊరికి వచ్చి, దొర ఉండే గడిలో పనికి కుదిరింది. చుట్టుపక్కల ఊళ్ళ దొరలు అన్నలకు, అడవిలోని నక్సలైట్లకు, భయపడి అప్పటికే పట్నం చేరారు. మా ఊరి దొర మాత్రం కదలలేదు. పోలీసు అధికారులతో స్నేహమే ఆయన ధైర్యం. మామూలు రోజుల్లో ఆయన కూడా పీట మీద కూర్చుని చేత్తో తినేవాడే. అధికారులు భోజనానికి వస్తున్నారంటే మాత్రం లోపలి గది నుంచి ఎర్ర మఖమలు పరిచిన చెక్కపెట్టె బయటికి వచ్చేది. ఆ పెట్టె ముట్టుకునే చేయి ఊళ్ళో అత్తమ్మ ఒక్కదానిదే. నేను కొత్త కోడలిని. మా ఆయన సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతూ వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో ఒంటరిగా ఉండలేక నేనూ అత్తమ్మ వెంట గడికి పోయేదాన్ని.

ఆ పెట్టెలో ఎన్ని రకాలో. గుండ్రని సూపు చెంచాలు, కోలగా ఉండే అన్నం చెంచాలు, చిన్నవి చివర్లో తినే మీఠా, తీపి కోసం. ముండ్ల చెంచాల్లో పెద్దవి మాంసానికి, పొట్టి ముండ్లవి చేపలకు. పదును లేని వెడల్పాటి చేప కత్తి, దానికంటే పొట్టిది వెన్న పూసుకునే కత్తి. అత్తమ్మ బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, ముడతను అరచేత్తో దువ్వి, ఒక్కొక్కటి పెట్టేది. ముండ్ల చెంచాలు ఎడమకు, ముండ్లు పైకి చూస్తూ. కత్తులు కుడికి, వాటి పక్కన సూపు చెంచా. మీఠా చెంచా పళ్ళెం పైన అడ్డంగా. గ్లాసు కత్తి మొనకు ఎదురుగా. అన్నీ బల్ల అంచు నుంచి బొటనవేలి కణుపంత లోపలికి. ముందు తినే వంటకానికి కావలసింది అన్నింటికన్నా బయట ఉండాలి, చివరిది పళ్ళేనికి దగ్గరగా. తినేవాడు బయటి నుంచి లోపలికి వస్తాడన్నమాట. కత్తి దగ్గర మాత్రం ఆమె ఆగి నా మొహం చూసేది. "పదును నీ పళ్ళెం దిక్కే ఉండాలె బిడ్డా. పక్కోని దిక్కు వెడితె వాన్ని కోస్తనన్నట్టు." ఇంత చేశాక వచ్చిన అధికారులు కోడికూరను శుభ్రంగా చేత్తోనే తినేవాళ్ళు. ఒకాయన వెన్న కత్తితో పళ్ళు కుట్టుకున్నాడని అత్తమ్మకు చాలా రోజులు బాధ. ముట్టని ముండ్ల చెంచాలను తిరిగి కడుగుతూ, బల్ల వేయడం మన పని, తినడం వాళ్ళ ఇష్టమని తనకు తానే చెప్పుకునేది.

పెట్టెలో ఉంటే వాటి వెండి పూత నల్లబడేది. అందుకని విందుకు ముందురోజు వాటిని మెత్తటి ముగ్గుపిండితో తోమి, కడిగి, గడి ముందటి అరుగు మీద తెల్ల దుప్పటి పరిచి ఎండలో ఆరబెట్టాలి. గడి ఎత్తు మీద ఉండేది. మధ్యాహ్నపు ఎండ వాటి మీద పడితే, గుట్ట మీద మేకలు కాసేవాళ్ళకు కూడా ఆ తళుకు కనబడేది. ఊరంతటికీ అదొక వేడుక. దొర చెంచాలు ఎండబెట్టిండు, రేపు కోళ్ళకు మూడిందని ఆడవాళ్ళు బావి దగ్గర నవ్వుకునేవాళ్ళు. అన్నల సంఘంలో తిరిగే పిల్లలు ఆ తళుకు చూసి ఊరు దాటిపోయేవాళ్ళు. రేపు పోలీసులు వస్తారని ఎవరూ ఎవరికీ చెప్పే పని లేదు.

ఆ ఎండాకాలం ఒక విందు జరిగింది. అధికారులతో వచ్చిన జీపు డ్రైవరు వంటింటి వెనుక మాతో కూర్చుని తిన్నాడు. అత్తమ్మ అతనికీ ఒక చెంచా పెడితే, "నాకు చెంచ ఒద్దమ్మా, ఇంకింత పాయసం పొయ్యి" అని గిన్నె ముందుకు చాచాడు. పొద్దు వాలకముందే వాళ్ళు బయలుదేరారు. అధికారుల కారు ముందు పోయింది. వెనుక జీపు కల్వర్టు మీదికి రాగానే కింద పెట్టిన మందుపాతర పేలి, ఆ డ్రైవరు అక్కడే పోయాడు. ఆ చప్పుడుకు గడి పెంకులు కదిలాయి. అత్తమ్మ అప్పుడు ఆ పాయసం గిన్నెనే కడుగుతోంది.

మర్నాడు పోలీసులు ఊరినంతా అడిగారు. మాటలతో అడిగింది తక్కువ. ముందురోజే మందుపాతర పెట్టారంటే, మేం వచ్చే సంగతి ఎవరు చెప్పిండ్రని వాళ్ళ ప్రశ్న. అత్తమ్మ తాను ఎవరికీ చెప్పలేదన్నది. అది నిజం. ఆమె అబద్ధమాడదని దొరసాని అడ్డం నిలబడి చెప్పింది. ఇంటికి వచ్చే దారిలో అత్తమ్మ ఒక రాయి మీద కూర్చుంది. "నేను చెప్పలే. గా చెంచలు చెప్పినయ్" అన్నది. 

ఇక ఏం చేయాలో నాకు తోచలేదు. మళ్ళీ అరుగు మీద ఆరబెడితే మరొక జీపు. లోపల ఆరబెడితే, ఈసారి ఎందుకు దాచినవని అన్నలు అడుగుతారు. ఆ రోజుల్లో ఇన్‌ఫార్మర్ అనే మాట ఒకసారి మీద పడితే ఆ మనిషి శవమై ఊరి బయట దొరికేది. దొరకు చెబితే సగం ఊరి వీపులు పగులుతాయి. పని మానేస్తే పోలీసుల చూపు మా మీదే. అత్తమ్మ రెండు రోజులు ఉపవాసముండి ప్రార్థించింది. ఆ తర్వాత పొద్దున్నే గడికి పోయి, విందు లేదు, చుట్టం లేదు, పెట్టె తెరిచి అన్నిటినీ తోమి అరుగు మీద ఆరబెట్టింది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. ఆదివారం పని ముట్టని మనిషి ఆదివారం కూడా ఆరబెట్టింది. గుంటలో పడ్డ ఎద్దును విశ్రాంతిదినాన కూడా బయటికి తీయొచ్చని ప్రభువు చెప్పలేదా అని నన్నే అడిగింది. దొరసాని వచ్చి, పూత అరిగిపోతుంది గదా అన్నది. "రోజు ఎండకు పెడితెనే నాకు నిద్ర పడ్తదమ్మా" అన్నది అత్తమ్మ. దొరసాని ఆమె మొహంలోకి చూసి లోపలికి పోయింది.

దొర కరీంనగర్ పోయిన ఒక మధ్యాహ్నం, మా ఎదురింటావిడ చిన్న కొడుకు అరుగు దగ్గరికి వచ్చాడు. వాడు అన్నల వెంట తిరుగుతున్నాడని అందరికీ తెలుసు. చిన్నప్పుడు సగం రోజులు మా ఇంట్లోనే తిని పెరిగినవాడు, అత్తా అత్తా అని కొంగు పట్టుకుని తిరిగినవాడు. ఆ ఎండలో కూడా శాలువా కప్పుకుని ఉన్నాడు. దాని కింద ఏముందో నేను చూడదలచుకోలేదు.

"ఏందత్తా, మీ దొరకు రోజు సుట్టాలేనా?"

"సుట్టాలు రోజు రారు కొడుకా. ఎండ రోజస్తది."

వాడు నవ్వలేదు. కడ్డీ మీద సొట్ట ఉన్న ఒక ముండ్ల చెంచాను తీసి, ముండ్లను అరచేతిలో మెల్లగా ఒత్తుకున్నాడు. తెల్లగా పడిన గుంటలు ఎర్రబడే దాకా చూస్తూ నిలబడ్డాడు.

"నిజం జెప్పు. నువ్వు ఎవ్వల దిక్కున్నవ్?"

"ఆకలైనోళ్ళ దిక్కు. నువ్వు తిన్నవా ఇయ్యాల?"

వాడు చెంచాను కత్తుల వరుసలో పడేసి, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు. అత్తమ్మ దాన్ని తీసి, తుడిచి, దాని వరుసలో పెట్టింది.  ఆ రోజు మొదలు మా గుమ్మం ముందు కుక్క మొరిగినా నేను దేవుని పేరు పట్టుకునేదాన్ని. కాని ఎవరూ రాలేదు. అధికారులు రెండుసార్లు వచ్చి తిని క్షేమంగా పోయారు. గుట్ట మీదివాళ్ళకు ఇప్పుడు రోజూ ఒకే తళుకు. దేవుడు దారి చూపించాడని అత్తమ్మ సాక్ష్యం చెప్పుకోలేదు గాని, ఆమె మొహం కొంచెం తేటపడింది.

వానలు మొదలవబోయే ముందు ఎదురింటావిడకు జ్వరం పట్టింది. మంచం మీద కొడుకు పేరే కలవరించింది. వాడు విని, ఎండ నడినెత్తిన ఉండగా తల్లిని చూడ వచ్చాడు. మునుపటి లెక్కన ముందురోజు గడి అరుగు మీద తళుకు ఉంటే ఊరి పొలిమేర తొక్కేవాడు కాడు. ఆ ముందురోజూ తళుకు ఉంది, అన్ని రోజుల్లాగే. కాని వాడు వచ్చిన రోజు నిజంగానే విందు ఉంది. అత్తమ్మ లోపల బల్ల వేస్తోంది, నేను పళ్ళేలు తుడుస్తున్నాను. జీపులు మా ఇళ్ళున్న వాడకట్టు మీదుగానే వచ్చాయి. తల్లి గుమ్మంలోనే వాణ్ణి పట్టుకున్నారు. ఆ కేక గడిలోకి వినబడింది. అత్తమ్మ చేతిలోని కత్తిని పదును లోపలికి తిప్పి పెట్టి, అట్లాగే బల్ల పట్టుకుని నిలబడిపోయింది. మర్నాడు గుట్టల దగ్గర ఎదురుకాల్పులు జరిగాయన్నారు.

శవం ఇంటికి చేరాక మేం పోయాము. ఎదురింటావిడ అత్తమ్మను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మునుపు చెంచలు జూసి నా కొడుకు తప్పిచ్చుకునెటోడు వదినె. ఇప్పుడు రోజు మెరువవట్టె. ఏ రోజుదని నమ్మాలె?" అన్నది. అడిగి, జవాబు కోసం చూసింది. అత్తమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుని చేయి పట్టుకుంది. 

కొంతకాలానికి దొర కూడా పట్నం పోయాడు. సామాను సర్దేటప్పుడు దొరసాని, ఇష్టమైనవి తీసుకొమ్మని పెట్టె తెరిచి ముందు పెట్టింది. అత్తమ్మ వెతికి ఒక్కటి తీసుకుంది. కడ్డీ మీద చిన్న సొట్ట ఉన్నదాన్ని, ఆ పిల్లవాడు అరచేతిలో ఒత్తుకున్నదాన్ని. సిరిసిల్లలో మా దగ్గరికి వచ్చాక, సంఘంలో ప్రభువు బల్లను, రొట్టె ద్రాక్షరసాల బల్లను, సిద్ధం చేసే పని ఆమెకే ఇచ్చారు. తెల్లటి గుడ్డను అట్లాగే అరచేత్తో దువ్వేది. గిన్నెలు మాత్రం గుడ్డతో తుడిచి లోపలే పెట్టేది. మళ్ళీ ఏ పాత్రనూ ఆమె ఎండలో ఆరబెట్టగా నేను చూడలేదు. రోజూ ప్రార్థనలో రెండు పేర్లు పక్కపక్కన వచ్చేవి, పాయసం అడిగిన డ్రైవరుది, ఎదురింటి పిల్లవానిది. ఇద్దరిలో ఎవరి పేరు ముందు రావాలన్నది ఆమెకు తేలలేదేమో, ఒకరోజు ఒకరిది ముందు, మరునాడు ఇంకొకరిది.

ఆమె పోయాక ఆ పేర్లు నాకు వచ్చాయి. ఆమె చేసింది ఒప్పో తప్పో నేను తీర్పు చెప్పలేను, తీర్పు చెప్పేవాడు ఒక్కడే ఉన్నాడు. మీరు అన్నం ముందు కూర్చున్నప్పుడు కళ్ళు మూసుకునే అలవాటు ఉంటే, నాతో కలిసి ఆ ఇద్దరి తల్లుల కోసం, ఆ ఇద్దరి తలపుతో నిద్ర లేకుండానే వెళ్ళిపోయిన మా అత్తమ్మ కోసం ఒక్క మాట ప్రార్థించండి. మొన్న చుట్టాలు తిని వెళ్ళాక మనవరాలు చెంచాలన్నీ కడిగి, మేడ మీద ఎండలో పెడతానన్నది. వద్దని, గుడ్డ తీసుకుని నేనే తుడిచాను. కాలం ఆ ముండ్ల చెంచా మీది వెండినంతా తినేసింది గాని, పట్టుకుంటే ఇప్పటికీ నా వేళ్ళకు ఆ అరుగు మీది ఎండే తగులుతుంది.