ఒకరినొకరు నమ్మిన రెండు పెట్టెలు

అగ్నిమాపక కేంద్రంలో ఆయన్ని అందరూ 'రెండుసార్ల సారు' అనేవారు. తాళం వేసి లాగి చూస్తాడు, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ లాగుతాడు. ఇరవై ఆరేళ్లుగా అక్కడి కంప్యూటర్లు చూసుకుంటున్న ఆ మనిషికి ధైర్యమనే సరుకు పుట్టుకతోనే రాలేదు. "పిల్లి ఎదురొస్తే, పాపం దానికి అపశకునమేమోనని పక్కకి తప్పుకుంటారు మా ఆయన" అని భార్య తన చెల్లెళ్ల దగ్గర నవ్వేది.

పిరికివాళ్లది మెత్తని మనసని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఉత్తమాట. పిరికివాడి భయం ముందు తనను దాచుకుంటుంది, తర్వాత పక్కవాణ్ణి ముంచుతుంది. ఈయన విషయంలో అదే జరిగింది.

అక్కడ ఫోన్ మోగిన క్షణాన్ని టెలిఫోన్ కంపెనీ యంత్రం రాసుకుంటుంది. బండి గేటు దాటిన క్షణాన్ని గేటు గదిలోని కంప్యూటర్ రాసుకుంటుంది. రెంటి మధ్య నిమిషమున్నర దాటితే డ్రైవరు సంజాయిషీ ఇచ్చుకోవాలి, ప్రాణం పోతే తప్ప ఆ రెంటినీ ఎవరూ పోల్చి చూడకపోయినా. ఆఫీసులోని కంప్యూటర్లన్నీ సర్వర్ గదిలోని పెద్ద పెట్టెను అడిగి టైము దిద్దుకుంటాయి. పెద్ద పెట్టె డాబా మీది యాంటెన్నాను అడుగుతుంది. యాంటెన్నాకు ఉపగ్రహాలు చెబుతాయి.

రెండు నెలల క్రితం డాబాకు సిమెంటు పూత వేసినవాళ్లు యాంటెన్నా తీగ తెంపేశారు. పెద్ద పెట్టె ఎర్రలైటు పెట్టుకుని నిమిషానికోసారి కూయడం మొదలెట్టింది. సారు కొత్త తీగ కోసం అర్జీ రాసి, అది వచ్చేలోగా కూత ఆపడానికి, పెద్ద పెట్టెను గేటు కంప్యూటర్ని అడిగి టైము తీసుకోమన్నాడు. గేటు కంప్యూటర్ ఎప్పట్నుంచో పెద్ద పెట్టెనే అడుగుతోందన్న సంగతి కంగారులో మరిచాడు. "నీదెంతైతే నాదంతే" అంటే "నీదెంతైతే నాదీ అంతే" అని రెండూ రాజీపడ్డాయి. ఎర్రలైటు ఆరింది. తెర మీద తేడా సున్నా, అన్ని గడులూ పచ్చన. రెండూ చేయీ చేయీ పట్టుకుని రోజుకి ఏడు సెకన్ల చొప్పున ముందుకి నడిచిపోయాయి.

చేసిన ప్రతి మార్పునీ పేజీ నంబర్లున్న ఒక పుస్తకంలో రాసుకోవడం ఆయన అలవాటు. ఎప్పుడో పాతవాడు చేసిన తప్పు తన నెత్తిన పడ్డప్పటి నుంచీ ఆ జాగ్రత్త. ఆ రోజు కూడా రాశాడు, చివర 'తాత్కాలికం' అని చేర్చాడు. ఆ వృత్తిలో తాత్కాలికమంత శాశ్వతమైనది ఇంకోటి లేదు. "అర్జీ ఏమైందండీ" అని అడుగుదామని మూడుసార్లు పెద్దాఫీసరు గది దాకా వెళ్లాడు. మూడుసార్లూ తలుపు మీద చెయ్యి ఆనించి వెనక్కి వచ్చాడు.

గడియారం పరిగెడుతోందని ఎవరూ చెప్పలేదు. వచ్చేటప్పుడు చేతి గడియారం, పోయేటప్పుడు కంప్యూటర్ గడియారం చూసుకునే తెలివైనవాళ్ల ఆఫీసు అది. ముందుగా ఇంటికి పోతున్నవాడెవడూ గడియారం మీద ఫిర్యాదు చెయ్యడు.

అంతలో ఒక అట్టపెట్టెల గోదాము తగలబడి, లోపల కాపలాదారు చనిపోయాడు. ఫోన్ వచ్చిన ఏడు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లకు బండి గేటు దాటినట్టు రికార్డులో ఉంది. డ్రైవర్ని ఆ సాయంత్రమే సస్పెండ్ చేశారు. నాలుగు రోజుల తర్వాత పదకొండు గంటలకు విచారణ. ఆరోపణ నిలిస్తే ఉద్యోగం పోతుంది, ఒక ప్రాణం తీసినవాడన్న పేరు మిగులుతుంది.

విచారణ రోజు ఉదయం డ్రైవరు సర్వర్ గది తలుపు దగ్గరికి వచ్చాడు. నాలుగు రోజుల గడ్డం, ఇస్త్రీ చేసిన చొక్కా.

"సారూ, మీ పెట్టెలోకి ఒకసారి చూడండి. బూటు లేసులు కూడా కట్టుకోకుండా ఉరికాను. ఏడు నిమిషాలంటే టీ తాగి గ్లాసు కడిగి వెళ్లినట్టు."

"మా తెర మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి బాబూ."

"పచ్చగా ఉంటే సరిపోయిందా? ఆ కాపలావాడి పెళ్లాం నిన్న మా ఇంటికొచ్చింది. తిట్టలేదు. గడపలో కూర్చుని మా పిల్లల్ని చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బావుండేది."

అతను వెళ్లాక సారు రెండోసారి చూశాడు. తెర మీద తొమ్మిదీ ఇరవై ఏడు. ఎందుకో జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు. తొమ్మిదీ ఇరవై.

పుస్తకం తీసి వెనక్కి తిప్పాడు. 'తాత్కాలికం'. గడిచిన రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టాడు, అరవై రెండు. ఇంక చూడాల్సిందేమీ లేదు. రెండు పెట్టెల బొమ్మ కళ్ల ముందు తిరిగింది, తోక నోట్లో పెట్టుకున్న పాములా.

దిద్దడానికి ఒక్క ఆదేశం చాలు. దిద్దాక గడియారాలు సరిగ్గా ఉంటాయి, తప్పు ఎక్కడా కనపడదు. పాత జాడలు చెరపడానికి ఇంకో ఆదేశం. అదీ ఆయనకు తెలుసు. ఇంటికి ఫోన్ చేశాడు.

భార్య అంతా వింది. "ఎవరైనా అడిగారా మిమ్మల్ని?"

"లేదు."

"అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు మీకెప్పుడూ లేదుగా. ఇవాళ కొత్తగా ఎందుకు?" అంది. "ఎనిమిదేళ్ల సర్వీసు ఉందండీ ఇంకా."

ఆదేశం టైపు చేశాడు. నొక్కడమే తరువాయి. కానీ గడియారం దిద్దేముందు తప్పెంతో రాయాలన్నది ఆయన పని పద్ధతి, ఇరవై ఆరేళ్లది. ఆలోచన అడ్డుపడేలోపే చెయ్యి పెన్ను తీసుకుంది. సెల్‌ఫోన్ పక్కన పెట్టి రాసేసింది: 'తొమ్మిదీ నలభై ఒకటి. గేటు పెట్టె ఏడు నిమిషాల పద్నాలుగు సెకన్లు ముందుంది. పెద్ద పెట్టె కూడా.'

రాశాక చదువుకున్నాడు. పేజీ చింపితే నంబరు పోతుంది. నంబరు పోతే ఎందుకు పోయిందని అడుగుతారు. జీవితమంతా తనను కాపాడుతుందనుకున్న పుస్తకం బల్ల మీద నోరు తెరుచుకుని పడుంది. ఎంటర్ నొక్కలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు. దాన్ని ధైర్యమనడం అతి. ఆ కాగితం ఎప్పటికైనా పట్టిస్తుందన్న భయమూ, గడపలో కూర్చున్న ఆ మనిషి రేపు తన గడపకొస్తుందేమోనన్న భయమూ కలిసి నెట్టాయి.

ఈసారి పెద్దాఫీసరు తలుపు మీద ఆనించిన చెయ్యి తోసింది కూడా. లోపల విచారణ కాగితాలు సర్దుతున్న గుమాస్తా, బల్ల ముందు నిలబడ్డ డ్రైవరూ ఉన్నారు.

"అయ్యా, ఆ ఏడు నిమిషాలు... అవి నావి" అన్నాడు. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు.

పెద్దాఫీసరు రెండు పేజీలూ చదివాడు. "అగ్నిప్రమాదం నాటికి తప్పెంత?"

"రోజుకి ఏడు సెకన్లయ్యా. నాలుగు రోజులవి తీసేస్తే, ఆ రోజుకి ఆరు నిమిషాల నలభై ఆరు."

పక్కనున్న గుమాస్తా రికార్డు అంకెలోంచి దాన్ని కాగితం మీద తీసివేశాడు. "యాభై రెండు సెకన్లు సార్."

డ్రైవరు సారు వైపు తిరిగాడు. ఆ చూపులో కృతజ్ఞత ఏ మూలా లేదు. "రెండు నెలలా? పొద్దున నా మొహం మీద పచ్చగా ఉందన్నావు కదయ్యా!"

"అర్జీ ఇచ్చానయ్యా తీగ కోసం..." అని సారు గొణిగాడు.

"ఇచ్చి?" అన్నాడు పెద్దాఫీసరు. ఆయన సొరుగులోనే ఉందా అర్జీ. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ సొరుగు వైపు చూడలేదు. "సోమవారానికి మీ సంజాయిషీ కావాలి. ముందు ఆ గడియారాలు దిద్దండి."

"నేనూ వస్తా" అన్నాడు డ్రైవరు. "కళ్లారా చూడందే నమ్మను."

సర్వర్ గదిలో అతను వెనకే నిలబడ్డాడు. సారు గేటు ప్రోగ్రామ్ ఆపి, పెద్ద పెట్టెకు ఇంటర్నెట్‌లో టైము చెప్పే బయటి సర్వర్లు మూడింటి చిరునామాలు ఇచ్చాడు. ఒకరు చెబితే గుడ్డి నమ్మకం, ఇద్దరు చెబితే తగువు, ముగ్గురు చెబితే తీర్పు. గేటు కంప్యూటర్ని పెద్ద పెట్టె కిందే ఉంచి, దాని ప్రోగ్రామ్ మళ్లీ నడిపాడు. అంకెలు ఒక్కసారిగా వెనక్కి దూకాయి.

"అయిపోయిందా?"

"ఇంకోసారి చూడాలి."

అప్పుడే కిందనుంచి గంట మోగింది. సస్పెన్షన్ కాగితం ఇంకా రద్దు కాలేదు. డ్రైవరుకి అది గుర్తురాలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు, బండి హారను, గేటు కిర్రుమన్న శబ్దం.

సారు టెలిఫోన్ కంపెనీ టైముల వరస తెరిచాడు, పక్కనే గేటు టైముల వరస. తేడా నలభై తొమ్మిది సెకన్లు. పుస్తకంలో రాశాడు. సోమవారానికి ఇంకా మూడు రోజులుంది. సెల్‌ఫోన్ తీసి, తెర పక్కన పెట్టి, రెండోసారి చూశాడు.