మొహం గోడకి తిప్పిన సీసా

మా బాబాయికి ఒకటే జబ్బు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళకంటే ముందు స్నానాలగది ఎక్కడని అడుగుతాడు. అవసరం ఉండి కాదు. అక్కడున్న సబ్బులూ సీసాలూ వెనక్కి తిప్పి, చీమతలకాయంత అక్షరాలు చదవడానికి. ‘క్రిములను చంపును’ అని కనబడిందా, ఆ సీసాని అల్లరి పిల్లాణ్ణి నిలబెట్టినట్టు మొహం గోడకి తిప్పి మరీ బయటికొస్తాడు.

ఆయన ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటరు. అక్కడి తొట్లలో సూక్ష్మక్రిములు ఊరి మురికినంతా తినేస్తే, నీళ్ళు తేరాక ఏట్లోకి వదులుతారట. ఆ క్రిములను ఆయన ‘మావాళ్ళు’ అంటాడు. ఇళ్ళల్లో వాడిన మందు తూముల్లోంచి వచ్చి వాళ్ళని చంపేస్తుందని ఆయన బెంగ. పిన్ని జ్వరంతో మూలుగుతుంటే, మావాళ్ళకి ఇవాళ ఒంట్లో బాగాలేదంటూ డ్యూటీకి పోయిన ఘనుడు. పిన్ని ఆ మాట మరచిపోలేదు, మమ్మల్నీ మరవనివ్వదు.

ఇక నా ఖర్మ చూడండి. నేను అమ్మేది సరిగ్గా ఆ క్రిముల్ని చంపే మందే, నేల తుడుచుకునేది. నెలకిన్ని పెట్టెలని లెక్క. తగ్గితే ఉద్యోగం ఊడుతుంది. నేను వీధిలో అడుగుపెట్టేసరికి ఆయన ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పి ఉండేవాడు. మీ బాబాయిగారు ఒట్టి సబ్బు చాలన్నారండీ అని నా మొహానే తలుపులు వేసేవారు.

మా అమ్మాయి పుట్టినరోజున, పదిమంది ముందు, మా ఇంట్లో సీసానే గోడకి తిప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“నీ పురుగులకున్న విలువ నా పెళ్ళాం బిడ్డలకి లేదా బాబాయ్?” అన్నాను.

ఆయన భోంచెయ్యకుండానే వెళ్ళిపోయాడు. మరుసటేడు పిలవలేదు. అబద్ధమెందుకు, ప్రాణానికి హాయిగానే ఉంది.

ఆ గొడవ తర్వాత నన్ను నిలబెట్టింది ఒకే ఒక్క కొట్టు, అదీ బాబాయి వీధి చివరే. నెలకి నాలుగు పెట్టెలు, తు.చ. తప్పకుండా. ఆయన ముక్కు కిందే నా సరుకు పోతోందని పిన్నికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

మొన్న ఆయన రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, సాయం రమ్మని పిన్ని పిలిస్తే వెళ్ళాను. మంచం కింద, అటక మీద, తలుపు వెనక అన్నీ మా కంపెనీ పెట్టెలే. మూడేళ్ళవి, ఒక్కదానికీ సీలు తియ్యలేదు. అన్నీ మొహం గోడకి తిప్పి ఉన్నాయి.

“వాడనివాడివి ఎందుకు కొన్నావు?” అన్నాను.

ఆయన మూటకి ముడి వేస్తూ తలెత్తలేదు. “పారబోస్తే మావాళ్ళు పోతారు. కొనకపోతే నువ్వు పోతావు. ఏం చెయ్యమంటావురా?”

చెప్పులు పెట్టుకోడానికి కూడా చోటు లేకుండా చేశాడని పిన్ని గొణిగింది.

వాళ్ళ కొత్త ఇల్లు చిన్నది. అందుకని పెట్టెలన్నీ మా ఇంట్లో మంచాల కిందికీ అటక మీదికీ చేరాయి. దించడానికి వచ్చిన బాబాయి మంచినీళ్ళు తాగకుండానే స్నానాలగది వైపు నడిచాడు. ఆయన వెళ్ళాక చూస్తే మా సీసా గోడకేసి నిలబడి ఉంది. వచ్చే నెల ఆ కొట్టువాడి ఆర్డరూ ఉండదు. రేపు మళ్ళీ ఈ సీసాలే సంచిలో వేసుకుని గుమ్మం గుమ్మం ఎక్కాలి, తప్పదు. ఆ ఒక్కదాన్ని మాత్రం ఇటు తిప్పలేదు.