హెల్మెట్‌వాలా పిలుపు

మంగళవారం పొద్దున్న పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే పక్క క్వార్టర్ పిన్ని మా మెట్ల మీద కూర్చుని ఉంది. "మీ బాబాయి ఎల్లిపోయాడమ్మా" అంది. స్టీలు ప్లాంటు కాలనీ రుఆబాంధాలో మా రెండిళ్లకూ గోడ ఒక్కటే. ఆ గోడ అవతల ఇక ఆయన దగ్గు వినపడదంటే నమ్మలేకపోయాను.

బాబాయి చాలా ఏళ్లు ప్లాంటులో ఇనుము సాగదీసే మిల్లులో చేశారు. వినికిడి బాగా తగ్గాక ప్లాంటువాళ్లదే అయిన జూలో పని ఇచ్చారు. అక్కడ ఒక కాసోవరీ ఉండేది. మీరెప్పుడైనా చూశారో లేదో. మనిషంత ఎత్తు, నీలం మెడ, నెత్తిన టోపీలాంటి ఎముక, ఎగరలేదు. సముద్రాల అవతల వాన అడవుల పక్షి. అక్కడే అరుదైపోతోందట. బాబాయి దాన్ని హెల్మెట్‌వాలా అనేవారు. "మా సిఫ్టు ఇంచార్జి కన్నా ఈడే నయం, తన్నీముందు ఓపాలి సూస్తాడు" అని నవ్వించేవారు.

దానికి జత దొరకలేదు. అయినా ఆయన రోజూ రెండో తొట్టె కూడా కడిగి ఉంచేవారు.

ఒకరోజు నా అరచేతిని కంచె ఊచకి ఆనించారు. పక్షి తల వంచింది. చెవికి పెద్దగా ఏమీ అందలేదు గానీ, చేతిలోంచి గుండెలోకి ఏదో గుబగుబ పాకింది.

"పిలస్తన్నాడు" అన్నారు. "మిల్లు తిరిగినప్పుడల్లా ఇంతే. ఆ అదురు తన జతదనుకుంటన్నాడు. మిసనని సెప్పీవోడు లేడు కదమ్మా ఆడికి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

కొన్నాళ్లకు హెల్మెట్‌వాలా పోయింది. రిటైరయ్యాక బాబాయి సాయంత్రాలు మా ఉమ్మడి గోడకి చెయ్యి ఆనించి నిలబడేవారు. "ఏటి సేస్తన్నావు?" అని పిన్ని గట్టిగా అరిస్తే, "మిల్లు ఇంకా జవాబిస్తనే ఉంది. ఎవులో ఒకులు ఇనాల కదే" అనేవారు.

మోకాళ్లు మొరాయించాక నన్నొక్కటే అడిగారు. "ఆ కంచె కాడికి ఓపాలి తీసుకెల్లమ్మా." ఆదివారం వెళదాం బాబాయ్ అన్నాను. అలా ఎన్ని ఆదివారాలు దాటించానో. ఆ సిగ్గు నన్ను వదలడం లేదు.

వాళ్ల వాకిట్లో ప్రార్థన ముగిశాక ఒక్కొక్కరూ బాబాయి శవపెట్టె మీద చెయ్యి వేసి జరుగుతున్నారు. నేనూ వేశాను. చెక్కలోంచి సన్నగా గుబగుబ నా అరచేతికి తగిలింది. మిల్లు తిరుగుతోంది. ఆ సంగతి నాకు తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా చెయ్యి తీయకుండా, "బాబాయ్" అని పిలిచాను.