ఫెబీ ఆరో వ్యాసం

ఆ శుక్రవారం ఉదయం నీళ్ళ ట్యాంకర్ వరుసలో ఫెబీ రాయి పదకొండోది. పుల్లలచెరువు మండలంలోని ఆ ఊళ్ళో ట్యాంకర్ కోసం మనుషులు నిలబడరు. ఇంటికో రాయి పెట్టి పనులకు పోతారు. ఏ రాయి ఎవరిదో అందరికీ తెలుసు. వరుసలోంచి ఒకసారి కదిలిన రాయి చివరికి పోవాల్సిందే.

ఫెబీకి ఇరవై ఏడేళ్ళు. మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో ఐదు, ఆరు తరగతులకు ఇంగ్లీషు చెబుతుంది. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి కూడా ఇమ్మని అడిగితే, వేసవి సెలవులయ్యి బడి తెరిచేలోపు సాహిత్యంలో ఏదైనా సర్టిఫికెట్ తెమ్మన్నాడు కరస్పాండెంట్. వెతికితే ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా చెప్పే కోర్సు దొరికింది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సాహిత్యం. సర్టిఫికెట్ కోసమే చేరింది. మూడో వారానికల్లా వేరే గ్రహాల గోలలో పడి, దిగాల్సిన స్టాపు రెండుసార్లు దాటిపోయింది. బడిలో కుదురుగా కూర్చోలేదు, ఇంట్లో అన్నం సగంలో లేచి ఫోను చూసేది.

మొత్తం ఆరు వ్యాసాలు. ఒక్కోదానికి అదే కోర్సు చదివే నలుగురు అపరిచితులు పదికి మార్కులు వేస్తారు, వాళ్ళ సగటే లెక్క. సర్టిఫికెట్‌కు అరవైకి నలభై రెండు రావాలి. ఐదు వ్యాసాలకు ఆమెకు ముప్ఫై ఐదు వచ్చాయి. ఆరోదానికి ఏడు చాలు.

ఊహాలోకానికి నియమాలు ఎందుకు అన్నది ఆరో ప్రశ్న. ఫెబీ తాను చదివిన కథలతో పాటు రాళ్ళ వరుసనూ ఉదాహరణగా రాసింది. గురువారం వచ్చిన సగటు ఐదు. మూడు మార్కులు వేసిన వ్యక్తి కింద ఇలా రాశాడు: “అడిగింది వ్యాసం. నువ్వు కల్పన రాశావు. మనుషుల బదులు రాళ్ళు నిలబడే ఊరంటే నమ్మేలా లేదు.” అది తమ ఊరేనని ఆమె ఎక్కడా రాయలేదు. రాళ్ళ వరుస తెలియనివాళ్ళు ఉంటారని ఆమెకు తట్టనే లేదు.

ఆధారం జతచేసి రెండు రోజుల్లోపు అదే నలుగురిని మళ్ళీ దిద్దమని అడగవచ్చు. అందుకే శుక్రవారం పొద్దున్నే ఫోనుతో వరుస దగ్గరికి వచ్చింది. ఐదో స్థానంలో మేకలు కాసే ఆదెయ్య పెట్టిన పగిలిన రుబ్బురోలు ఫోటోలో వెనక రాళ్ళకు అడ్డం వస్తోంది. దాన్ని పక్కకు దొర్లించి ఆరు ఫోటోలు తీసింది. సిగ్నల్ అందేది చర్చి మెట్ల మీదే. ఫోటోలు పంపాక రోలు సర్దవచ్చనుకుని అటు పరుగెత్తింది. ఫోటోలు ఎక్కుతుండగానే ట్యాంకర్ హారన్ వినిపించింది. తిరిగొచ్చేసరికి వరుస కదిలిపోయింది, రోలు చివరికి చేరింది. దాని వంతు రాకముందే ట్యాంకర్ ఖాళీ అయింది.

మేకలు తోలుకొచ్చిన ఆదెయ్య రోలును చూసి ఆగాడు.

“నా రాయి ఎవరు కదిలిచ్చినారు?”

“నేనే పెదనాయనా. ఫోటో కోసం.”

“ఫోటోకా! రాయికి సంబంధం చూస్తండావా ఏంది?”

ఆడవాళ్ళు నవ్వారు. బిందెలు మోస్తున్న ఫెబీ తల్లి మగ్దలీనమ్మ అందుకుంది. “మా పిల్ల చదివే కథల్లో రాళ్ళు నడుస్తాయంట, అన్నా.”

“నడిచింది గదమ్మా, ఈడ నుంచి ఆడికి! మరి నా మేకలు ఏం తాగాల, నీ బిడ్డ కథలా?”

ఫెబీ తమ నాలుగు బిందెల్లో రెండు తీసుకెళ్ళి ఆయన తొట్టిలో పోసింది.

“ఇంగ అట్ల చెయ్యాకు,” అన్నాడు ఆదెయ్య. “రాయంటే ఆడ నేను నిలబడినట్టే లెక్క.”

శనివారం, ఆదివారం ఆమె చర్చి మెట్లెక్కి దిగుతూనే ఉంది. ఆరాధన మధ్యలోనూ ఒకసారి బయటికి వచ్చింది. “ప్రభువు కన్నా ఆ ఫోనే ఎక్కువైపాయె నీకు,” అంది మగ్దలీనమ్మ.

సోమవారం మార్కులు వచ్చాయి. ఫోటోలు చూసిన ముగ్గురు ఎనిమిది, ఎనిమిది, ఏడు వేశారు. నాలుగో వ్యక్తి తిరిగి చూడలేదు. అలాంటప్పుడు పాత మార్కులే ఉంటాయి. మూడు.

సగటు ఆరున్నర. మొత్తం నలభై ఒకటిన్నర.