కుడికి చూపించి ఎడమకు

ఛత్రినాకలో మా కాలనీ ఆడవాళ్ళకు ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళేముందు బడి గ్రౌండ్‌లో ఆడుకుంటాం. అందరిలో నేనే పొట్టిదాన్ని. దబీర్‌పురా జట్టులో నాకు అడ్డంగా నిలబడే అక్క చేతులు చాపితే ఆకాశం కనబడదు. ప్రతిసారీ నవ్వుతూ "రా చెల్లె, రా" అని పిలిచేది, బంతి లాక్కునేది.

అడుగుతో బోల్తా కొట్టించమని మా కోచ్ చెప్పింది. కుడికి పోతున్నట్టు ఒక అడుగు వెయ్యాలి, అక్క అటు కదలగానే ఎడమకు దూసుకుపోవాలి. ఇంట్లో సాధన చేద్దామంటే అడ్డం నిలబడే మనిషి కావాలి. గుడి నుంచి అప్పుడే వచ్చిన నాన్న దొరికారు. అర్చకులు కదా, పంచె ఎగ్గట్టి, ఎంతో శ్రద్ధగా వాకిట్లో చేతులు చాపి నిలబడ్డారు.

మొదట్లో ప్రతి అడుగుకూ మోసపోయారు. "నువ్వు అటే పోతా అన్నట్టు చూస్తివి గదా!" అని నొచ్చుకున్నారు కూడా. అమ్మ తొంగిచూసి, "ఏంది మీ లొల్లి? కుండీలు పడగొడతరా ఏంది?" అంది. కొన్నాళ్ళకు నాన్న కదలడం మానేశారు.

"కాలు వేస్తున్నవ్ గానీ బరువు వేస్తలేవు బిడ్డా. నీ అడుగును నువ్వే నమ్మకపోతే నేనెట్ల నమ్మాలె?"

ఆదివారం మ్యాచ్‌లో ఒళ్ళంతా కుడికి వాల్చి అడుగు వేశాను. అక్క నిజంగానే అటు జరిగింది! ఎడమనుంచి దూసుకెళ్ళాను. ఎదురుగా రింగు, మధ్యలో ఎవరూ లేరు. ఇంతకాలం అక్కను దాటడం గురించే ఆలోచించాను తప్ప, దాటాక ఏం చెయ్యాలో ఆలోచించలేదు. నేను విసిరిన బంతి బోర్డు మీదుగా గోడ అవతల కొబ్బరిబొండాల బండి దగ్గర పడింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

మళ్ళీ బంతి నా చేతికి వచ్చేసరికి అక్క ఎడమవైపే కాచుకుంది. నేను కుడికి అడుగు వేసి, కుడికే పోయాను. తొందరపడకుండా వేస్తే బంతి రింగులో పడింది.

"అరె, నిజంగనే కుడికి పోయినవేందే?"

"ముందే చూపించిన గదక్కా!"

మ్యాచ్ మేమే ఓడిపోయాం. అక్క చెమట తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది.

"గది నాకు గూడ నేర్పియ్యి చెల్లె. గుడిమల్కాపూర్ జట్టుల ఒకామె ఉన్నది, నాకంటె మస్తు పొడుగు. నన్ను అస్సలు పోనియ్యది."

అక్కకంటే పొడుగు మనిషి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.