సరసు చెప్పనన్న సాక్ష్యం

సరసు ప్రార్థన చేస్తుంటే దేవుడితో తగాదాకు దిగినట్టు ఉంటుంది. పాపారపట్టి దారిలోని మా రేకుల మందిరంలో అందరూ తమిళంలో మెల్లగా వేడుకుంటారు. ఆమె మాత్రం ఇంటి తెలుగులో, చేతులు ఊపుతూ, నిలదీసి అడుగుతుంది. ఇళ్లు కట్టేచోట ఇసుక తట్టలు మోసే మనిషి, కాంక్రీటు మిషను మోతను మించి అరవడం అలవాటు.

భర్త మాయాండి మేస్త్రీ. పోయినేడు పాలకోడులో గోడకు పూత వేస్తుంటే పరంజా తాడు తెగి కింద పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. పాస్టరు వచ్చి నూనె రాసి, "క్రిస్మస్ లోపల లేచి నడుస్తాడు" అన్నాడు. మేమందరం ఆమెన్ అన్నాం. క్రిస్మస్ వచ్చింది, పోయింది. అప్పుడు పాస్టరు ప్రసంగం మధ్యలో ఆగి, సరసు వైపు చూసి, "కొందరి ఇళ్లలో విశ్వాసం చాలడం లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పగలంతా తట్టలు మోసి, ఇంటికొచ్చి, పుండ్లు పడకుండా మొగుణ్ణి అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టే మనిషికి విశ్వాసం లేదట! ప్రసంగంలో కునికిపాట్లు పడే మాకు మాత్రం ఉందట!

తర్వాత విశ్వాసం రగిలించే ఉజ్జీవ కూడికలు వచ్చాయి. సేలం నుంచి పెద్ద ప్రసంగీకుడు వస్తున్నాడు. పాస్టరు ముందురోజే సరసు ఇంటికి వెళ్లాడు. మాయాండిని ఇద్దరు పట్టుకుని వేదిక మీద నిలబెడతారు, దేవుడు నడిపించాడని ఆమె సాక్ష్యం చెప్పాలి. "జరిగిందని ముందు నోటితో ఒప్పుకో, అప్పుడే జరుగుతుంది" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది.

"అక్కా, అబద్ధం చెప్తే లేస్తాడా? నేను చెప్పకపోతే నా వల్లనే లేవకుండా పోతాడా?"

నాకు పాస్టరు మీద కోపం ఆగలేదు. ఆమె మెడకు అంత బరువు కట్టి అతను హాయిగా ఇంటికి పోయాడు.

కూడికలో మాయాండిని చంకల కింద పట్టి లేపారు. కాళ్లు ఆరేసిన పంచెలా వేలాడాయి. జనం చప్పట్లు కొట్టారు. సరసు చేతికి మైకు ఇచ్చారు. ఆమె ఆ కాళ్ల వంక చూసింది.

"మామను కూర్చోబెట్టండి. చంకలు నొప్పి పుడతాయి."

ఎవరూ కదలలేదు. ఆమె కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈయన నడవలేదు. నీకు తెలుసు, నాకు తెలుసు. అడిగి అడిగి నా గొంతు పోయింది. నువ్వు ఉండావో లేదో అని కూడా అనుకున్నాను. నీ మీద చానా కోపంగా ఉండాను. అయినా నిన్నే అడుగుతాండాను. ఇంకెవుర్ని అడిగేది?"

పాస్టరు మైకు లాక్కున్నాడు. డప్పులు మోగాయి. ఆ ఏడాది మా మందిరంలో నేను విన్న ఒకే ఒక్క ప్రార్థన అది.

క్షమాపణ అడిగేదాకా ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టెలో నీకు భాగం లేదని పాస్టరు ఆమెకు చెప్పేశాడు. అయినా మరుసటి నెల మొదటి ఆదివారం ఆమె చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, నడవలో మొగుడి పక్కనే కూర్చుంది. పాస్టరు రొట్టె పళ్లెం పట్టుకుని వచ్చాడు. ఆమెను దాటేసి మాయాండి ముందు ఆగాడు.

మాయాండి రొట్టెముక్క తీసుకున్నాడు. నోట్లో పెట్టుకోలేదు.

"పాస్టరయ్యా, దినమూ నన్ను ఎత్తి కడిగేది ఈమె చేతులు. ఈ చేతులకు లేని రొట్టె నాకెందుకు?"

సగం విరిచి ఆమె అరచేతిలో పెట్టాడు. సరసు ఏడవలేదు. రొట్టె నోట్లో వేసుకుని, పాస్టరు కళ్లలోకి చూస్తూ నమిలింది.