బొమ్మ మోగిన ఆదివారం

నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మా పుట్టిల్లు పి.గన్నవరం. మా తమ్ముడు కువైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి, ఆ మధ్య ఇంటికి తిరిగొచ్చేసేడు. అందరూ చాక్లెట్లు, సెంటు సీసాలు తెస్తారు కదా, వీడు ఎలక్ట్రిక్ గిటారు తెచ్చుకున్నాడు. దానికి తగిలించుకునే చిన్న చిన్న డబ్బాలు కూడాను. కాలితో ఒకటి నొక్కితే గిటారు మూలుగుతుంది, ఇంకోటి నొక్కితే గీపెడుతుంది.

వాడు వాయించేది రాక్ సంగీతమే గానీ, అందులో పల్లవీ చరణాలుండవు, మాటలుండవు. ఒక్క స్వరాన్ని పట్టుకుని సాగదీస్తాడు, ఉన్నట్టుండి తుంచేస్తాడు. రాజోలు నుంచి ఒక స్నేహితుడు వస్తాడు, చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడతను. వాళ్ళిద్దరే బ్యాండు. మొదటిరోజు మా అమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, "మిక్సీలో చెంచా పడిందనుకున్నాన్రా!" అంది.

ఒకరోజు వాడు నన్నడిగేడు.

"అక్కా, మేం వాయిస్తుంటే నువ్వు పెద్ద బొమ్మ వెయ్యాలి. అందరి ముందూను."

"ముందే వేసి ఇచ్చేస్తాను, వెనకాల కట్టుకోండి."

"తెర కాదక్కా నాక్కావల్సింది. నీ కుంచె ఎటు పోతే మేం అటు పోతాం."

సగమే అర్థమైంది గానీ, సరదా పుట్టింది. మొదటి ప్రాక్టీసులో కాలవ, కొబ్బరిచెట్లు, ఒక పడవ వేసేను. చక్కగానే వచ్చేయి. వాళ్ళ వాయింపు మాత్రం నీరసంగా సాగింది. తమ్ముడు ఆపేసి, "అక్కా, ఇది క్యాలెండరు. దీన్ని ఎలా వాయించాలో మాకు తెలీటం లేదు" అన్నాడు.

ఒళ్ళు మండింది. "అయితే ఏం వెయ్యమంటావురా?"

డ్రమ్స్ అతను మెల్లిగా, "మీకేం వినపడితే అది వెయ్యండి అక్కగారండీ. చెట్టే వినపడితే చెట్టే వెయ్యండి" అన్నాడు.

విసుగ్గా నల్లరంగు ముంచి, పడవ మీదుగా పైనుంచి కిందకి ఒక గీత లాగేను. గిటారు ఆ గీతతో పాటే కిందకి జారింది. ఆగేను. ఆగింది. చుక్కలు పెట్టేను, డ్రమ్స్ చుక్కలు పెట్టేయి. కావాలని వంకరటింకర గీత గీసేను. తమ్ముడు తిప్పలు పడుతూ వెనకాలే వచ్చేడు. నవ్వాపుకోలేకపోయేను. ఇంటికెళ్ళేసరికి జడ నిండా నీలం. మా ఆయన చూసి, "ఇవాళ హోలీ అని చెప్పలేదేం?" అన్నారు.

మా బాబయ్యగారికి కొబ్బరిపీచు షెడ్డు ఉంది. ఆదివారం మిషన్లు ఆడవు కాబట్టి మా ప్రోగ్రాంకి ఇచ్చేరు. మధ్యాహ్నానికి చుట్టాలు, షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు, మా స్కూలు పిల్లలు చేరేరు. అమ్మ ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. వెదురు చట్రానికి బిగించిన పెద్ద గుడ్డ మీద మొదలుపెట్టేను. మొదట కొందరు కిసుక్కుమన్నారు. ఎర్రరంగు పైకి లేచేసరికి గిటారు కూడా గొంతెత్తింది, నవ్వులు ఆగిపోయేయి.

"ఇదేం బొమ్మే అమ్మాయ్?" అని అరిచేరు బాబయ్యగారు.

"నాకూ ఇంకా తెలీదండి!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గిటారు గొంతు నొక్కేసినట్టయింది. ఫ్యాన్లు ఆగిపోయేయి. తమ్ముడి మొహం పాలిపోయింది. నా చెయ్యి మాత్రం అప్పటికే గాల్లో ఉంది. గోడలకి సున్నం వేసే వెడల్పాటి కుంచె గుడ్డకి తగిలి "ధబ్" మంది. ముందురోజు పూసిన తెల్లరంగు ఆరి, గుడ్డ డప్పులా బిర్రుగా బిగుసుకుపోయి ఉంది! మళ్ళీ కొట్టేను. ధబ్. డ్రమ్స్ అతని కళ్ళు వెలిగేయి, వెంటనే జవాబిచ్చేడు. తమ్ముడు గిటారు స్పీకరుకి ఆనించి వచ్చి, ఇంకో కుంచె అందుకున్నాడు. జన్మలో బొమ్మ వెయ్యనివాడు, చొక్కా అంతా రంగు పోసుకుంటూ వాయించేడు.

అంతలో అమ్మ లేచొచ్చింది. "ఆ కింద పసుపు తక్కువైందే" అంటూ అరచెయ్యి రంగులో ముంచి గుడ్డ మీద గట్టిగా చరిచింది. ఇంకేముంది, ఆడవాళ్ళంతా కొంగులు బిగించి వచ్చేసేరు. ఎర్రచేతులు, పచ్చచేతులు, ఒకటే మోత. బాబయ్యగారు ఖాళీ డబ్బా బోర్లించి కర్రతో అందుకున్నారు.

ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. స్పీకరుకి ఆనించిన గిటారు దానంతటదే కీ...మని ఊళపెట్టింది. అందరూ కెవ్వుమని, మరుక్షణం పడీపడీ నవ్వేరు. తమ్ముడు ఒక్క గెంతు గెంతి గిటారు అందుకుని, ఆ ఊళనే ఒక పొడుగాటి స్వరంగా మలిచి మెల్లిగా ముగించేడు.

ఆ గుడ్డ ఇప్పుడు బాబయ్యగారి షెడ్డులోనే ఉంది. అడిగినా ఇవ్వరు. పీచు కొనడానికొచ్చిన వాళ్ళకి, "ఇదిగో, ఇది మా వదినగారి చెయ్యండీ" అని చూపిస్తుంటారు.

తరవాత అమలాపురంలో ఒక కాలేజీ వాళ్ళు పిలిచేరు. తమ్ముడు ఈసారి గుడ్డ వెనకాల మైకు బిగించేడు. బయల్దేరేటప్పుడు చూస్తే అమ్మ పాత చీరలో ఉంది. "అదేంటమ్మా, మంచి చీర కట్టుకోవచ్చుగా?" అన్నాను.

"రంగు పడితే పోదే" అని, అందరికంటే ముందే కారెక్కి కూర్చుంది.